తగువు తీరే దారి



ఈ వేళ నేను మీతో ముచ్చటించబోయేది కొత్త సంగతేమీ కాదు. పప్పులో తాలింపు వేస్తున్నప్పుడూ, బట్టలు ఆరేస్తున్నప్పుడూ, రాత్రి పడుకోబోయే ముందు తలుపు గడియ వేస్తున్నప్పుడూ మన మనసులో మెదులుతూండే సంగతే. ఫలానా ఆవిడకీ నాకూ మాటల్లేవు. ఈ "మాటల్లేవు" అన్న మాటని మన ఇళ్ళల్లో ఎంత చిత్రంగా వాడతామో చూశారా? పోట్లాట అనం. పగ అని అసలే అనం. ఎవరైనా అడిగితే, "అబ్బే, ఏమీ లేదండీ, వాళ్ళకీ మాకూ మాటల్లేవు, అంతే" అంటాం. ఆ "అంతే" వెనకాల ఒక్కోసారి పదేళ్ళుంటాయి. రెండిళ్ళ పిల్లలూ ఒకరినొకరు ఎరగకుండా పెరిగిపోయి వుంటారు.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినదాన్ని. అంచేత ఈ తగువుల విషయంలో మా వేదం ఏం చెబుతుందో, అది మన వంటింటిదాకా ఎలా వస్తుందో నాకు తోచినంతలో చెబుతాను. వింటున్న మీలో హిందువులూ వుంటారు, ముస్లిములూ వుంటారు. ఫరవాలేదు. కోపం వచ్చినప్పుడు అందరిళ్ళల్లోనూ గిన్నెల చప్పుడు ఒక్కలాగే వుంటుంది.

బైబిలు అనగానే చాలామందికి "క్షమించు" అన్న ఒక్క మాటే గుర్తుకొస్తుంది. ఏదో పెద్ద మనసు చేసుకుని వూరుకోమంటుంది కాబోలు అనుకుంటారు. నిజానికి యేసుప్రభువు తగువుల గురించి చెప్పిన మాటలు జాగ్రత్తగా చదివితే, వూళ్ళో నలుగురి తగువులూ తీర్చి తల పండిన పెద్దావిడ చెప్పినట్టుంటాయి. ఎవరు ముందు వెళ్ళాలి, ఒంటరిగా వెళ్ళాలా, ఎవర్నైనా వెంటబెట్టుకు వెళ్ళాలా, నలుగురిలో ఎప్పుడు పెట్టాలి అనేదాకా అందులో వుంది.

ముందు ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు వద్దు. ఇద్దరు తోడికోడళ్ళు. అత్తగారు పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచాన వున్నారు. ఆవిణ్ణి చూసుకున్నది పెద్దకోడలు. స్నానం చేయించడం, గంజి పట్టడం, రాత్రి రెండుసార్లు లేచి పక్కకి తిప్పి పడుకోబెట్టడం, అంతా ఆవిడే. చిన్నకోడలిది వేరే వూళ్ళో వుద్యోగం. రెండు నెలలకోసారి పళ్ళు పట్టుకుని వచ్చేది. కాసేపు పక్కన కూర్చుని, అత్తగారి కాళ్ళు నొక్కి, కబుర్లు చెప్పి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. ఆఖరి రోజుల్లో అలా వచ్చినప్పుడే అత్తగారు తన చేతికున్న నాలుగు బంగారు గాజులూ తీయించి చిన్నకోడలి చేతిలో పెట్టారు. పెద్దకోడలు ఆ గదిలోనే వుంది. గంజిలో ఉప్పు కలుపుతోంది. ఒక్కమాట అనలేదు. ఆ తరవాత నాలుగేళ్ళపాటు తోడికోడలితో ఒక్కమాట మాట్లాడలేదు.

చుట్టాలందరూ దీన్ని "గాజుల తగువు" అన్నారు. ఎన్ని తులాలుంటాయి, ఇవాళ్టి ధర ఎంత, రెండు అటూ రెండు ఇటూ పంచేస్తే సరిపోదా అని మగవాళ్ళు లెక్కలు కట్టారు. మగవాళ్ళకి తూకం వేయడానికి వీలున్న తగువులంటే ప్రాణం. ఈ తగువు ఎలా తేలిందో కాస్సేపట్లో చెబుతాను.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఒక మాట వుంది. దేవుడికి కానుక ఇవ్వడానికి బలిపీఠం దగ్గరికి వచ్చావు. అక్కడ నిలబడ్డాక నీ తోబుట్టువుకి నీమీద ఏదో కోపం వుందని గుర్తుకొచ్చింది. అప్పుడు నీ కానుక అక్కడే వదిలేసి, ముందు వెళ్ళి సమాధానపడి రా, తరవాత కానుక ఇద్దువుగాని అంటాడు ప్రభువు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది కంఠతా పట్టించారు మాకు. కాని ఇందులో వున్న రెండు సంగతులు పెద్దయ్యాక గాని తెలిసిరాలేదు.

మొదటిది దూరం. ఈ మాట చెప్పినప్పుడు ప్రభువు వున్నది గలిలయ ప్రాంతంలో. బలిపీఠం వున్నది యెరూషలేము దేవాలయంలో. మధ్య దూరం నూరు కిలోమీటర్లకి పైనే, కాలినడకన మూడు నాలుగు రోజులు. అంటే గొర్రెపిల్లనో పావురాలనో పట్టుకుని అంత దూరం నడిచి వచ్చినవాణ్ణి, దాన్ని అక్కడే వదిలి, మళ్ళీ మూడు రోజులు వెనక్కి నడిచి, అన్నతో మాట్లాడి, మళ్ళీ రమ్మంటున్నాడన్న మాట. తిరుపతి కొండమీద క్యూలో గర్భగుడి గడప దాకా వచ్చినవాళ్ళని, "ముందు రాజమండ్రి వెళ్ళి మీ వదినగారితో మాట్లాడి రండి" అంటే ఎలా వుంటుంది? అలాంటి మాట అది. వింటున్న గలిలయవాళ్ళకి ఆ దూరం ఎంతో కాళ్ళకి తెలుసు.

రెండోది, ఆ వాక్యంలో కోపం ఎవరిది? నాకు ఎవరిమీదో కోపం వుందని గుర్తొస్తే అనలేదు. అది మనకెప్పుడూ గుర్తే, ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. అవతలివాళ్ళకి నామీద కోపం వుందని గుర్తొస్తే అన్నాడు. తప్పు నాదని కూడా అనలేదు. న్యాయమో అన్యాయమో, అవతలి మనిషి నొచ్చుకుని వుంటే చాలు, లేచి వెళ్ళు అని.

సరే, ఇది నామీద కోపం వున్నప్పటి సంగతి. మరి నన్నే ఎవరైనా నొప్పిస్తే? అది అదే సువార్త 18వ అధ్యాయంలో వుంది. నీ తోబుట్టువు నీకు తప్పు చేస్తే, నువ్వు వెళ్ళి ఒంటరిగా, మీ ఇద్దరే వున్నప్పుడు ఆ తప్పు చెప్పు అంటుంది. ఇక్కడా వెళ్ళమన్నది నన్నే! ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. నొప్పించినావిడకీ బయలుదేరమనే చెప్పారు, నొచ్చుకున్నావిడకీ బయలుదేరమనే చెప్పారు. "పెద్దదాన్ని, నేనెందుకు వెళ్ళాలి? ఆవిడే రావాలి" అనడానికి ఇద్దరిలో ఎవరికీ వీల్లేకుండా చేశారు. ఇద్దరూ నిజంగా ఆ మాట వింటే ఏ బస్టాండులోనో ఒకరికొకరు ఎదురుపడాలి.

ఆ 18వ అధ్యాయంలో వున్న వరస చాలా విలువైనది. ముందు ఒంటరిగా వెళ్ళాలి. వినకపోతే ఒకరినో ఇద్దరినో వెంట తీసుకెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మనం ఏం చేస్తాం? సరిగ్గా తలకిందులు. ముందు సంఘం! అంటే చుట్టాలూ పక్కాలూ, అపార్టుమెంటులో మూడో అంతస్తువాళ్ళూ, పనిమనిషీ. ఈ రోజుల్లో అయితే కుటుంబం వాట్సాప్ గ్రూపు. "కొందరికి కృతజ్ఞత వుండదు" అని పేరు లేకుండా ఒక సుభాషితం, వెనక గులాబీపువ్వు బొమ్మతో సహా పొద్దున్నే పెట్టేస్తాం. అది ఎవరి గురించో గ్రూపులో వున్న నలభై మందికీ తెలుసు. ఆ తరవాత ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేసి "ఏం జరిగిందేవిటి?" అని అడుగుతారు. వాళ్ళకి చెబుతాం. అసలు మనిషితో మాట్లాడటం అన్నిటికన్నా ఆఖరున వస్తుంది, వస్తే. అప్పటికి ఆవిడ తగ్గాలన్నా నలభై మంది చూస్తూండగా తగ్గాలి. ఎవరికి సాధ్యం? ఒంటరిగా వెళ్ళమన్నది అందుకే. అవతలి మనిషికి మర్యాదగా వెనక్కి తగ్గే సందు ఒకటి వుంచడానికి.

వెంట తీసుకెళ్ళే ఒకరిద్దరి విషయంలో కూడా జాగ్రత్త వుండాలి. మనవైపు వాదించే మేనత్తని తీసుకెళ్ళకూడదు. ఇద్దరికీ కావలసినవాళ్ళు, ఇద్దరూ గౌరవించేవాళ్ళు, విన్నది కడుపులో పెట్టుకునేవాళ్ళు కావాలి. ప్రతి చుట్టరికంలోనూ అలాంటి పిన్నిగారో పెద్దమ్మగారో ఒకరుంటారు. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర గట్టిగా మాట్లాడేవారు మాత్రం కారు, ఇది నా అనుభవం.

ఇప్పుడు ఆ తోడికోడళ్ళ సంగతి. నాలుగేళ్ళ తరవాత చిన్నకోడలే వెళ్ళింది. పండగా కాదు, పబ్బమూ కాదు. భర్తని కూడా తీసుకెళ్ళలేదు. వెళ్ళి, "అక్కయ్యా, నీకు నామీద కోపం వుంది. ఎందుకో నాకు నేను అనుకున్నవి చాలా వున్నాయి. అవి నిజమో కాదో నాకు తెలీదు. నువ్వే చెప్పు" అంది. పెద్దకోడలు, "కోపమేముంది! కూర్చో, కాఫీ పెడతాను" అంది. కాఫీ తాగి వచ్చేసింది. నెల తరవాత మళ్ళీ వెళ్ళింది. ఈసారి కాఫీ తరవాత పెద్దకోడలు అంది కదా: "మూడేళ్ళు నేను ఆవిడ పక్క మార్చాను. ఆ రోజున ఆవిడ నా వంక చూడనైనా చూడలేదు. సరే, ఆవిడకి మతి సరిగ్గా లేదనుకున్నాను. నువ్వైనా, 'అత్తయ్యా, చేసిందంతా అక్కయ్య కదా' అని ఒక్కమాట అన్నావా?"

అదీ సంగతి. నాలుగు గాజులు కాదు, ఒక్క మాట. మగవాళ్ళు ఎన్ని తులాల లెక్క కట్టినా అది తూకానికి దొరికేది కాదు. చిన్నకోడలు, "అనలేదు అక్కయ్యా. అనవలసింది" అంది. "కాని నువ్వు కూడా..." అని మొదలుపెట్టలేదు. ఆ గాజులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో నేనడగలేదు. ఇద్దరూ కలిసి మొన్న ఒక పెళ్ళికి వచ్చారు, అంతవరకూ తెలుసు.

క్షమాపణ అడగడం కూడా ఒక పనే, దానికీ నేర్పు కావాలి. "నేనన్నది నీకు తప్పుగా అనిపిస్తే ఏమీ అనుకోకు" అన్నది క్షమాపణ కాదు. తప్పు నాది కాదు, నీ చెవిదని దానికి అర్థం. ఏం చేశామో దాని పేరు పెట్టి చెప్పాలి. పోగొట్టింది తిరిగి ఇవ్వగలిగితే ఇవ్వాలి. లూకా సువార్తలో జక్కయ్య అని ఒక పన్నులు వసూలు చేసే అధికారి వున్నాడు. పొట్టివాడు, మేడిచెట్టెక్కి ప్రభువుని చూసినవాడు. ఆయన మనసు మారిందని ఎలా తెలుసుకుంటాం? కన్నీళ్ళు పెట్టుకున్నాడని అక్కడ లేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. మరిదిగారికి తెలీకుండా చిట్టీ డబ్బు వాడుకుని, చేతులు పట్టుకుని ఏడ్చినంతమాత్రాన తీరదు. చిట్టీ డబ్బు కట్టాలి.

ఇక క్షమించే వైపు. పేతురు ప్రభువుని అడిగాడు: ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా? ఏడు అంటే చాలా ధారాళంగా అన్నాననుకున్నాడు పాపం. దానికి జవాబు డెబ్బై ఏడులు. ఆ వెంటనే ఒక కథ చెప్పాడు ప్రభువు. ఒక సేవకుడు రాజుకి పదివేల తలాంతులు బాకీ. రాజు జాలిపడి మొత్తం కొట్టేశాడు. ఆ సేవకుడు బయటికి వచ్చి, తనకి నూరు దేనారాలు బాకీ వున్న తోటి సేవకుడి గొంతు పట్టుకున్నాడు. అప్పటి లెక్కల్లో దేనారం ఒక రోజు కూలి. ఒక తలాంతు ఇంచుమించు 6,000 దేనారాలు. అంటే మొదటి బాకీ 6 కోట్ల రోజుల కూలి! ఏ సేవకుడూ ఎన్ని జన్మలెత్తినా తీర్చలేడు. రెండోది నూరు రోజుల కూలి.

ఇక్కడ ప్రసంగాల్లో సాధారణంగా, "ఆ నూరు దేనారాలు ఏపాటివి, తుచ్ఛమైనవి" అని చెప్పేస్తారు. నేను ఒప్పుకోను. నూరు రోజుల కూలి అంటే మూడు నెలల పైచిలుకు సంపాదన. కూలివాడి ఇంట్లో ఆ డబ్బు రాకపోతే పొయ్యి వెలగదు. అంటే మనకి జరిగిన అన్యాయం చిన్నదని ప్రభువు అనలేదు. అది నిజమైన బాకీయే. ఆడపడుచు పెళ్ళిపందిట్లో అన్న మాట నిజంగానే గుచ్చుకుంది. "దానికే ఇంత బాధపడాలా" అని ఎవరైనా అంటే ఆ గాయం మరి కాస్త లోతవుతుంది గాని మానదు. బాకీ వుందని ఒప్పుకుని, ఆ పైన రద్దు చేయడం క్షమించడం. అసలు బాకీయే లేదని సరిపెట్టుకోవడం వేరు. అలా సరిపెట్టుకున్నవి ఏ అర్ధరాత్రో మళ్ళీ లేచి కూర్చుంటాయి.

సూర్యుడు అస్తమించేలోగా కోపం చల్లార్చుకోమని ఎఫెసు సంఘానికి రాసిన పత్రికలో వుంది. యూదులకి రోజు సూర్యాస్తమయంతో ముగుస్తుంది కాబట్టి, ఏ రోజు లెక్క ఆ రోజే తీర్చమన్నట్టు. ఇది క్రైస్తవులకే సొంతం అనుకోనక్కర్లేదు. గ్రీకు దేశంలో పైథాగరస్ శిష్యులు మాట తూలితే, పొద్దు గుంకేలోగా చేతులు కలిపి కౌగిలించుకునే ఆచారం పెట్టుకున్నారని ప్లూటార్క్ రాశాడు. లెక్కలు చేసేవాళ్ళు బాకీలు మిగల్చరు కాబోలు. భార్యాభర్తల మధ్య ఈ సూత్రం చాలామటుకు పనిచేస్తుంది. కాని రాత్రి పదకొండింటికి, ఇద్దరూ అలిసిపోయి వున్నప్పుడు, తేల్చుకు తీరాలని కూర్చుంటే అది మరో తగువుకి దారి. "ఇప్పుడు పడుకుందాం, రేపు మాట్లాడుకుందాం, నేను నీతోనే వున్నాను" అని చెప్పుకుని పడుకున్నా కోపం మీద పొద్దు గుంకనట్టే లెక్కని నా అభిప్రాయం.

ఇద్దరు ఆడవాళ్ళ తగువు ఒకటి బైబిలులో వుంది. ఆ పేర్లు మన సండే స్కూలు పిల్లలకి నోరు తిరగవు: యువొదియ, సుంటుకే. మాసిదోనియలో ఫిలిప్పీ పట్టణం. ఆ వూళ్ళో సంఘం మొదలైందే ఆడవాళ్ళతో. నది ఒడ్డున ప్రార్థనకి కూడిన స్త్రీలతో పౌలు మాట్లాడటం, వూదారంగు వస్త్రాలమ్మే లూదియ ఆయన మాట విని తన ఇల్లు తెరవడం అపొస్తలుల కార్యాల్లో వుంది. తరవాత పౌలు ఖైదులో వుండి ఆ సంఘానికి ఉత్తరం రాశాడు. సంతోషం, సంతోషం అని నిండా సంతోషంతో వున్న ఉత్తరం అది. చివర్లో ఈ ఇద్దరు స్త్రీల పేర్లు వస్తాయి. ఏమి తగువో చెప్పలేదు. రెండు వేల ఏళ్ళ తరవాత మనకీ తెలీదు, ఆ రహస్యం అలా దాగినందుకు నాకు సంతోషమే. ఎవరిది న్యాయమో కూడా చెప్పలేదు. మూల గ్రీకుభాషలో, బతిమాలుకుంటున్నానన్న క్రియని ఇద్దరికీ కలిపి ఒకసారి కాకుండా, ఒక్కొక్కరి పేరుతో విడివిడిగా రాశాడు. ఎవరి పక్కన ఎవరి పేరూ తోకలా వేలాడకుండా. తరవాత సంఘంలో వున్న మరో మనిషిని, వీళ్ళకి సాయం చెయ్యి అని అడిగాడు. వీళ్ళిద్దరూ సువార్త పనిలో తనతో కలిసి పాటుపడినవాళ్ళని గుర్తు చేశాడు.

ఆ ఆఖరి మాట నాకు చాలా ఇష్టం. తగువులో వున్నప్పుడు అవతలి మనిషి చేసిన మంచి అంతా చెరిగిపోతుంది మనకి. నా పురిటికి వచ్చి పదిరోజులు వుండి వెళ్ళిన వదినే కదా ఈవిడ అనేది గుర్తుండదు. మధ్యవర్తిగా వెళ్ళేవాళ్ళు న్యాయాన్యాయాలు విచారించే ముందు ఆ పాత సంగతి ఒకటి మెల్లిగా గుర్తు చేస్తే సగం పని అయినట్టే.

ఇంతవరకూ చెప్పింది విని, దెబ్బలు తింటున్న ఏ చెల్లెలైనా "నేనే సర్దుకుపోవాలన్నమాట" అనుకుంటుందేమోనని నాకు భయం. ఆ విషయం గట్టిగా చెప్పాలి. భర్త కొడుతున్నాడని, అత్తవారు కట్నం కోసం వేధిస్తున్నారని ఏ ఆడపిల్లయినా చెబితే, "ప్రార్థన చేసుకో అమ్మా, ఓర్చుకో" అని పంపించే పెద్దలు మా సంఘాల్లో వున్నారు. మీ ఇళ్ళల్లోనూ వుంటారు. ఇది వేదం కాదు. నేను చెప్పిన 18వ అధ్యాయమే చూడండి. వినకపోతే సాక్షుల్ని తీసుకెళ్ళమంది. అప్పటికీ వినకపోతే నలుగురిలో పెట్టమంది. ఆ నలుగురి మాటా వినకపోతే అతన్ని బయటివాడిగా చూడమంది. ఎక్కడా నోరు మూసుకోమనలేదు. రోమీయులకు రాసిన పత్రికలో అందరితో సమాధానంగా వుండమన్న చోట కూడా, సాధ్యమైతే, నీ చేతిలో వున్నంతమటుకు అని రెండు షరతులున్నాయి. అన్నీ మన చేతిలో వుండవని పౌలుకి తెలుసు. ప్రాణానికి ప్రమాదం వున్నచోట ఒంటరిగా వెళ్ళి మాట్లాడమన్న సలహా పనికిరాదు. ముందు బయటపడాలి. 2005లో చేసిన గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో వుంది. కాపురం వున్న ఇంట్లోంచి గెంటెయ్యకుండా, కొట్టకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకునే హక్కు అందులో వుంది. 181 నంబరుకి ఫోను చేస్తే మహిళలకి సహాయం అందుతుంది. ఈ నంబరు ఇవాళ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మీకు కాకపోయినా పక్కింటివాళ్ళకి కావలసిరావచ్చు.

క్షమించడం వేరు, శిక్ష వేరు. ఈ తేడా ఒకావిడ దేశానికంతా చూపించారు. 1999 జనవరి 22 రాత్రి, ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామంలో, గ్రాహం స్టెయిన్స్ అనే ఆయన్నీ, పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతి అనే ఇద్దరు కొడుకుల్నీ జీపులో నిద్రపోతూండగా తగలబెట్టారు. బారిపదలో కుష్ఠురోగులకి సేవ చేసే ఆస్ట్రేలియా దేశస్థుడాయన. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకుల్ని క్షమిస్తున్నానన్నారు. పేపర్లలో చదివి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. కాని కేసు ఎత్తివేయమని ఆవిడ అనలేదు. క్షమాపణ తన సంగతి, నేరానికి శిక్ష చట్టం సంగతి అని విడదీసి చెప్పారు. కోర్టులు తమ పని తాము చేశాయి, 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షని ఖాయం చేసింది. ఆవిడ వెంటనే వెళ్ళిపోకుండా 2004 దాకా కూతురితో ఇక్కడే వుండి ఆ రోగుల సేవ నడిపించారు. 2005లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అంతటి మనసు మనకి లేకపోవచ్చు. తేడా మాత్రం తెలుసుకోవచ్చు.

అన్ని తగువులూ ఒకే ఇంట్లో కలిసి వుండటంతో ముగియాలని కూడా లేదు. పౌలూ బర్నబా ఎంతటి స్నేహితులు! మార్కు అనే కుర్రాణ్ణి ప్రయాణంలో వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్నదాని మీద పెద్ద తగువైంది. ఆ మార్కు అంతకుముందు పంఫూలియలో వాళ్ళని వదిలి వెళ్ళిపోయినవాడు. బర్నబాకి దగ్గర బంధువు. చుట్టరికం కలిసేసరికి అపొస్తలులకి కూడా తప్పలేదు చూశారా! బర్నబా మార్కుని తీసుకుని కుప్ర ద్వీపానికి ఓడెక్కాడు. పౌలు సీలని తీసుకుని మరో దారిన వెళ్ళాడు. బైబిలు దీన్ని దాచలేదు. చాలా ఏళ్ళ తరవాత, తిమోతికి రాసిన ఉత్తరంలో, మార్కుని వెంటబెట్టుకురా, అతను నాకు పనికొస్తాడు అన్న మాట కనిపిస్తుంది. వేరు కాపురం పెట్టిన కొడుకూ కోడలూ శత్రువులు కారు. రోజూ ఒక పొయ్యి దగ్గర రాసుకుంటూ వుండటంకన్నా, రెండు వీధుల అవతల వుండి ఆదివారం భోజనానికి రావడంలో ప్రేమ ఎక్కువ మిగులుతుందనుకుంటే అలాగే కానివ్వండి.

మా దక్షిణ ఇండియా సంఘంలో ఒక ఆచారం వుంది. ప్రభువు బల్ల ఆరాధనలో శాంతిని ఇచ్చుకోవడం అంటారు. ఒకరి అరచేయి మరొకరి అరచేతిలో వుంచి, రెండో చేతులతో మూసి, శాంతి అని చెప్పి, ఆ శాంతిని పక్కవాళ్ళకి అలాగే అందిస్తారు. కేరళలో సిరియన్ క్రైస్తవుల్లో పూర్వంనుంచీ వున్న పద్ధతిని 1950లో మా ఆరాధన క్రమంలోకి తెచ్చారు. ఈ సంఘమే ఒక పెద్ద రాజీ. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు వేరువేరుగా వుండేవారు. 1919లో తరంగంబాడిలో మాటలు మొదలై, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్లో ఒక్కటయ్యారు. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఇద్దరు తోడికోడళ్ళకి నాలుగేళ్ళు పట్టిందంటే మరీ ఎక్కువేమీ కాదు. శాంతి ఇచ్చుకునే ఆ రెండు నిమిషాలూ ఎటు చూడాలో తెలీక, మాటల్లేనావిడ రెండు వరసల ముందు కూర్చుందని ముందే చూసుకుని, ఈ చివర కూర్చునేవాళ్ళు ప్రతి గుడిలోనూ వున్నారు. చేతులు కలపడం సులువే. గుడి బయట, చెప్పులు వేసుకునే చోట పలకరించడమే కష్టం.

వెళ్ళాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలని అడుగుతారేమో. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి, వంట హడావుడి వుండదు, పిల్లలు బడినుంచి రారు. మగవాళ్ళని తీసుకెళ్ళకండి. ఫోనులో వద్దు, మెసేజీలో అసలు వద్దు, అందులో గొంతు వినబడదు. చేతిలో ఏదైనా చిన్నది వుంటే మంచిది, పెరట్లో కాసిన నాలుగు నిమ్మకాయలైనా సరే. ఖరీదైనది పట్టుకెళితే లంచంలా వుంటుంది. నేర్చుకున్న ప్రసంగం వద్దు. "నీకు నామీద ఏదో మనసులో వుంది, అది వినడానికి వచ్చాను" అంటే చాలు. ఆ తరవాత మాట్లాడకుండా వినండి, మధ్యలో సంజాయిషీ చెప్పకండి. మొదటిసారి "ఏమీ లేదు, కాఫీ తాగండి" అంటారు. తాగి వచ్చెయ్యండి. మళ్ళీ నెలలో ఒకసారి వెళ్ళండి.

సెలవు.